మూడో గేటు



మీ ఊళ్లో పార్కు ఉంటే, దాని గేటు దగ్గర ఏ బొమ్మ ఉందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. చాలామందికి వెంటనే గుర్తు రాదు. కొమ్ము విరిగిన సిమెంటు జింకో, మెడ సాచిన కొంగో, చెత్త వేయమని నోరు తెరిచిన కంగారూవో ఉంటుంది. లేదంటే పెద్ద ఆర్చి ఉంటుంది. ఫలానా వారి జ్ఞాపకార్థం ఫలానా వారు కట్టించారని దాని మీద రంగు అక్షరాలు ఉంటాయి. పక్కనే ప్రారంభోత్సవపు శిలాఫలకం. దాని మీద పార్కు పేరు కంటే పార్కును ప్రారంభించిన వారి పేరే పెద్దది.

ఇంత చిన్న విషయంలో ధర్మాధర్మాల ప్రశ్న ఏముందని మీరు అడగవచ్చు. నిరుటి వరకు నేనూ అలాగే అనుకున్నాను.

మా గుడి ప్రహరీ వెనుక మునిసిపాలిటీ వారి ఖాళీ స్థలం ఒకటి ఉంది. రెండు రావిచెట్లు, ఒక వరుస కానుగచెట్లు, మిగిలినదంతా తుమ్మపొదలు. చుట్టుపక్కల కాలనీల వారు చందాలు వేసుకుని పొదలు కొట్టించి, నడకబాట వేయించి, మొక్కలు నాటి దాన్ని పార్కుగా చేశారు. మునిసిపాలిటీ వారు కంచె వేసి మూడు గేట్లు పెట్టారు. ఒకటి మెయిన్ రోడ్డు వైపు, ఒకటి స్కూలు వైపు, మూడోది వెనుక సందులోకి. గేట్ల దగ్గర మంచి శిల్పాలు నిలబెడితే పార్కుకు అందం వస్తుందని కమిటీ వారు అనుకున్నారు. పొరుగువాణ్ని గనుక పెద్దమనిషిగా నన్నూ కూర్చోబెట్టారు.

మా విచారణలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు ఉన్నారు. ఆయన భార్య రెండేళ్ల క్రితం పోయారు. ఆమె పేరు మీద మెయిన్ గేటు దగ్గర పునీత ఫ్రాన్సిస్ అస్సీసి వారి స్వరూపం పెట్టిస్తాననీ, ఖర్చంతా తనదేననీ ఆయన ముందుకు వచ్చారు. భుజాన పక్షులు, పాదాల దగ్గర తోడేలు. ఆళ్లగడ్డ వెళ్లి శిల్పులతో మాట్లాడి కూడా వచ్చారు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. జీవావరణాన్ని కాపాడేవారికి ఫ్రాన్సిస్ వారిని పాలక పునీతునిగా రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1979లోనే ప్రకటించారు కదా, పార్కుకు ఇంతకంటే తగినవారెవరు అని సభలో నేనే ఒక చిన్న ప్రసంగం చేశాను. తక్కినవారు కూడా తలలూపారు. చేతిలో డబ్బు పడేది లేదు గనుక ఊపారేమో అని తరువాత అనిపించింది. స్కూలు గేటు సంగతి పిల్లలకు వదిలేద్దామనుకున్నాం. మూడో గేటు మాట వచ్చేసరికి ఎవరో, "అటు ఎవరు చూస్తారు సార్" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తరువాతి ఆదివారం రెండో పూజ అయ్యాక, గుడి మెట్ల ఎదుట ఆకుకూరలు అమ్మే ఆమె నన్ను ఆపింది. "ఫాదరు గారూ, మా వైపు గేటు మూసేస్తారంట గదా?"

"ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అనలేదు. ఆ రెండు గేట్లకీ బొమ్మలు పెడతన్నారంట. మాదానికి లేదంట. మరి మూసేసేదేగా."

ఆమె బొమ్మ కావాలని అడగలేదని గమనించండి. బొమ్మ లేకపోవడాన్ని ఒక కబురుగా చదువుకుంది. మేము ఒక్క మాట రాయకుండానే, ఒక్క బోర్డు పెట్టకుండానే ఆ కబురు వెనుక సందులో ఇంటింటికీ చేరిపోయింది. అక్షరం రాని వారు కూడా చదవగలిగిన కబురు అది.

నేను గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకునే రోజుల్లో మా ఆచార్యులు ఒకరు పరీక్షలో చిత్రమైన ప్రశ్న ఇచ్చారు. ద్వారం పదార్థమా, సంబంధమా? అరిస్టాటిల్ పదార్థాన్ని వేరుగా, సంబంధాన్ని వేరుగా లెక్కించాడు. చెక్క ఉంది, మేకులు ఉన్నాయి, కాబట్టి పదార్థమే అని నేను రెండు పేజీలు రాశాను. నాకు వచ్చిన మార్కులు ఇక్కడ చెప్పను. చెక్కా మేకులూ తలుపువి. ద్వారం అనేది లోపలికీ బయటికీ మధ్య, వచ్చేవానికీ ఉండేవానికీ మధ్య ఏర్పడే ఒక వరుస. మనుషుల వరుసలు మారితే చెక్క మారకుండానే ద్వారం మారిపోతుంది. ఆకుకూరల ఆమెకు ఇది పరీక్ష రాయకుండానే తెలుసు.

ఇక గేటు దగ్గర పెట్టే శిల్పానికి వద్దాం. ఇంట్లో పటం పెట్టుకుంటే అది మన ఇష్టం. ప్రదర్శనశాలలో శిల్పం ఉంటే చూడదలచినవాడు టికెట్టు కొనుక్కుని చూస్తాడు. ద్వారం దగ్గరి శిల్పం అటువంటిది కాదు. పాలు తేవడానికి పోయేవాడూ, బడికి పోయే పిల్లా, ఆస్పత్రి నుంచి దిగులుగా తిరిగివచ్చేవాడూ దాని ముందు నుంచి పోక తప్పదు. అది ఎవరూ అడగని మాట. అడగని మాట చెప్పేవానికి, అడిగితే చెప్పేవానికి లేని బాధ్యత ఒకటి ఉంటుంది. చూసినప్పుడు మనసుకు హాయి కలిగించేదాన్ని అందమైనదంటామని పునీత తోమాసు అక్వినాసు వారి అభిప్రాయం. చూసేది ఎవరు అన్న ప్రశ్న అక్కడ ఆయనకు అవసరం పడలేదు. గేటు దగ్గర నిలబడ్డవారికి ముందుగా కావలసింది ఆ ప్రశ్నే.

నూట అరవై ఏళ్ల క్రితం అమెరికాలో సరిగ్గా ఈ విషయం మీదే పెద్ద తగాదా జరిగింది. న్యూయార్కు నగరం నడిబొడ్డున సెంట్రల్ పార్కు అని ఒక ఉద్యానవనం ఉంది. నేడు దాని విస్తీర్ణం 843 ఎకరాలు. 1858లో జరిగిన పోటీలో గెలిచి దానికి రూపకల్పన చేసినవారు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్. ప్రవేశ ద్వారాలకు ఎవరి పేర్లు పెట్టాలన్న చర్చ 1862లో వచ్చింది. మనమైతే ఏం చేసేవాళ్లమో మీకు తెలుసు. ఆ పార్కు కమిషనర్లు మాత్రం మహానుభావుల పేర్లు గాని దాతల పేర్లు గాని పెట్టలేదు. ఆ నగరంలో బతికే జనం పేర్లు పెట్టారు. చేతిపనివారి ద్వారం, వర్తకుల ద్వారం, విద్వాంసుల ద్వారం, రైతుల ద్వారం, గని కార్మికుల ద్వారం, స్త్రీల ద్వారం, బాలుర ద్వారం, బాలికల ద్వారం. వాటిలో నాకు అన్నిటికంటే నచ్చినది పరదేశుల ద్వారం. ఇంకా ఓడ దిగనివాని పేరు మీద కూడా ఒక ద్వారం!

పేర్లయితే పెట్టారు, మరి ద్వారాలు ఎలా ఉండాలి? పారిస్‌లో చదువుకుని వచ్చిన రిచర్డ్ మారిస్ హంట్ అనే వాస్తుశిల్పి దక్షిణపు ప్రవేశాలకు ఘనమైన నమూనాలు గీశాడు. ఎత్తయిన స్తంభం, విశాలమైన మెట్లు, ఫౌంటెన్లు, విగ్రహాలు. ఈయనే తరువాతి కాలంలో స్వేచ్ఛా ప్రతిమకు పీఠం రూపొందించాడు, అసమర్థుడేమీ కాడు. అయినా వాక్స్ ససేమిరా అన్నాడు. ఇవి చక్రవర్తుల కోటలకు తగిన ద్వారాలే గాని, పనివాడు సాయంత్రం పిల్లల్ని తీసుకుని వచ్చే చోటికి తగినవి కావని ఆయన వాదన. చివరికి హంట్ ద్వారాలు కట్టనే లేదు. నడుము ఎత్తు గోడ, మధ్యలో ఖాళీ, గోడరాతి మీద పేరు, అంతే. ఆ పేర్లు కూడా చాలా భాగం 1999 వరకు రాతికెక్కలేదు. విగ్రహాలు మాత్రం రాకుండా ఉండలేదు. నేడు కళాకారుల ద్వారం దగ్గర గుర్రాలెక్కిన ముగ్గురు లాటిన్ అమెరికా విమోచన వీరుల విగ్రహాలున్నాయి. ఆ ముగ్గురిలో హొసే మార్తి కవి కూడా గనుక కళాకారులకు కొంత న్యాయం జరిగిందనుకోవాలి.

ఇక్కడితో ఆపితే ఇది చక్కని కథ. కానీ ఇంకొక సంగతి ఉంది, అది చెప్పకుండా ఈ కథ చెప్పడం తప్పు. ఆ పార్కు ఖాళీ నేల మీద వెలసింది కాదు. దాని పడమటి అంచున సెనెకా విలేజ్ అనే పల్లె ఉండేది. 1825 నుంచి నల్లజాతి వారు అక్కడ స్థలాలు కొనుక్కుని ఇళ్లు కట్టుకున్నారు. నల్లజాతి పురుషుడికి ఓటు ఉండాలంటే 250 డాలర్ల ఆస్తి ఉండాలని నియమం ఉన్న రోజులవి. కాబట్టి ఆ స్థలం వారికి ఇల్లే గాక పౌరసత్వం కూడా. తరువాత ఐర్లండు నుంచి వచ్చిన వలసవారు కూడా వారి పక్కన చేరారు. 1855 నాటికి అక్కడ సుమారు 225 మంది ఉండేవారు, మూడు గుళ్లు, ఒక బడి ఉండేవి. 1857లో పార్కు కోసం వారినందరినీ ఖాళీ చేయించారు. కొంత నష్టపరిహారం ఇచ్చారు గాని, పల్లె చెదిరిపోయింది. అక్కడ ఇలాంటి ఊరు ఉండేదని తెలిపే ఫలకం 2001లో వెలిసింది. ఓడ దిగనివాడికి ద్వారం కేటాయించిన పెద్దలు, ఇల్లు ఖాళీ చేసి పోయినవాడికి కేటాయించలేదు.

ఈ సంగతి చదివినప్పటి నుంచి మా మూడో గేటు నన్ను మరింత బాధపెట్టసాగింది. ఎందుకంటే కంచె వేయకముందు ఆ స్థలమంతా వెనుక సందు వారి దారి. తెల్లవారుజామున గంపలు నెత్తిన పెట్టుకుని, తుమ్మపొదల మధ్య నుంచి అడ్డంగా మార్కెట్టుకు పోయేవారు. మేము పొదలు కొట్టి, కంచె వేసి, వారి దారిని ఒక గేటుగా కుదించి, దానికి మూడో నంబరు ఇచ్చాం.

ద్వారాల గురించి ఆలోచించేవారు చండీగఢ్‌లోని రాక్ గార్డెన్ సంగతి తెలుసుకోవాలి. దేశ విభజనలో సొంత ఊరు పోగొట్టుకుని వచ్చిన నేక్‌చంద్ అనే రోడ్డు ఇన్‌స్పెక్టరు, 1957 నుంచి ఎవరికీ తెలియకుండా అడవి జాగాలో పగిలిన గాజులు, పింగాణీ పెంకులు, పారేసిన ఇనుము పోగుచేసి వందలాది బొమ్మలు చేశాడు. కొత్త నగరం కోసం కూల్చిన పాత పల్లెల శిథిలాలు కూడా అందులో ఉన్నాయి. అధికారుల కంట పడేసరికి పదిహేనేళ్లు దాటిపోయాయి. చట్టం ప్రకారం కూల్చివేయాలి, కాని 1976లో దాన్ని ప్రజల కోసం తెరిచారు. 1990లో రోడ్డు వేయడానికి బుల్డోజర్లు వస్తే ఊరి జనం అడ్డం నిలబడ్డారు. ఎవరో పారేసిన గాజుముక్క ఆ బొమ్మలో ఉంది గనుక అది తమదేనని వారికి అనిపించి ఉండాలి. అక్కడి ద్వారాలు కొన్ని చాలా పొట్టివి. ఎంతటివాడైనా వంగి లోపలికి పోవలసిందే.

బెత్లెహేములో ప్రభువు జనన దేవాలయం వాకిలి కూడా అటువంటిదే, సుమారు నాలుగడుగుల ఎత్తు. గుర్రాల మీద, బండ్లతో లోపలికి చొరబడకుండా ఒకప్పుడు దాన్ని కుదించారు. నేడు దాన్ని వినయ ద్వారం అంటున్నారు. నేనూ ఒకప్పుడు దీని మీద ప్రసంగాలు చెప్పాను. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు వచ్చాక వేరుగా ఆలోచిస్తున్నాను. వంగమని చెప్పే ద్వారం నిటారుగా నడిచేవానికి మంచి పాఠమే. ఇప్పటికే నెత్తిన ముప్పై కిలోల గంపతో వంగి వచ్చేదానికి ఆ పాఠం ఎందుకు?

రాజుల మొదటి గ్రంథంలో సొలోమోను దేవాలయపు ముంగిట నిలిపిన రెండు కంచు స్తంభాల వర్ణన ఉంది, వీలైతే ఏడవ అధ్యాయం తీసి చదవండి. వాటికి పేర్లు కూడా ఉన్నాయి. తలల మీద లిల్లీ పువ్వుల పనితనం, చుట్టూ వందల కొద్దీ దానిమ్మపండ్లు. పోతపోసినవాడు తూరు పట్టణపు హీరాము. తండ్రి పరదేశి, తల్లి ఇశ్రాయేలు విధవరాలు. ఎన్నోసార్లు చదివినా నేను గమనించని విషయం ఒకటుంది. ఆ స్తంభాలు లోపల లేవు, ముఖమండపం దగ్గర ఉన్నాయి. లోపలికి పోగలిగింది యాజకులు. తక్కిన జనం ఆవరణలోనే ఆగిపోవాలి. కాబట్టి అంత పనితనం, అంత కంచు, అన్ని దానిమ్మపండ్లు, అవి ముఖ్యంగా లోపలికి పోలేనివారి కళ్ల ముందు నిలిచాయి.

నేను హెడ్మాస్టరు గారింటికి వెళ్లాను. చెప్పవలసింది కష్టమైన మాట. "మాస్టారూ, ఆ స్వరూపం మన గుడి ఆవరణలో పెట్టుకుందాం, పార్కు గేటుకు వద్దు" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "బాగుందని సభలో అన్నది మీరే కదా ఫాదర్" అన్నారు చివరికి. నిజమే. తొందరపడి మాట ఇచ్చింది నేను, వెనక్కి తీసుకుంటున్నదీ నేనే. ఆయన కోరికలో తప్పు లేదు. చనిపోయిన ఇల్లాలి పేరు పదిమంది నోట పలకాలని ఏ భర్త కోరుకోడు? నెల రోజులు ఆయన మొదటి పూజకు రావడం మానేసి, నేను చేయని సాయంకాలపు పూజకు రాసాగారు.

విచారణలో కొందరు నన్ను తప్పుపట్టారు. మన పునీతుణ్ని నలుగురిలో నిలబెట్టే అవకాశం చేతికి వస్తే ఫాదరు గారే కాలదన్నారన్నారు. వారి బాధ నాకు అర్థమైంది. నా వాదన ఇది: గుడి ఆవరణలో నిలబెట్టిన స్వరూపం మన విశ్వాసాన్ని చెబుతుంది. అందరి పార్కు గేటు దగ్గర నిలబెడితే, మనం ఎంత ప్రేమతో పెట్టినా, పక్క కాలనీ వారు "ఇది వాళ్లది" అని చదువుకుంటారు. ఆ చదువు పూర్తిగా తప్పని నేను ప్రమాణం చేసి చెప్పలేను. నా ఆనందంలో కొంత భాగం ఫ్రాన్సిస్ వారి గురించి కాక, మెయిన్ రోడ్డు మీద మన గుర్తు కనబడుతుందన్న దాని గురించే. నా వాదనలో లోపం కూడా ఉంది. ఎవరో ఒకరు "వాళ్లది" అనగలిగినవన్నీ తీసేస్తూ పోతే చివరికి గేటు దగ్గర ఏమీ మిగలదు. ఏమీ లేకపోవడం కూడా ఒక మాటేనని ఆకుకూరల ఆమె నాకు నేర్పింది కదా. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు.

మెయిన్ గేటుకు ఇనుప పాలపిట్టను నిలబెట్టాం. తెనాలిలో తుక్కు ఇనుముతో విగ్రహాలు చేసే శిల్పులున్నారని మీరు వినే ఉంటారు. మా ఊరి వెల్డింగు షాపు కుర్రాడు వారి పనిని చూసి వచ్చాడు. ఇంటికో ఇనుప ముక్క ఇవ్వాలని చాటింపు వేశాం. సైకిలు చైన్లు, పాత తాళాలు, విరిగిన గరిటెలు వచ్చాయి. రెక్కలో తన ఇంటి తాళం ఎక్కడుందో చూపించడానికి పిల్లలు చుట్టాల్ని లాక్కొస్తున్నారు. తోక కొంచెం వంకరగా వచ్చింది. స్కూలు గేటుకు పిల్లలు పగిలిన టైల్సుతో చేపలు అతికించారు. అందులో ఒక చేప ఏనుగులా ఉంటుంది.

మూడో గేటుకు ఏం కావాలో కమిటీ చర్చించకుండా, సందులో వారినే అడిగాం. నేను ఏదో అందమైన ఊహ వస్తుందనుకున్నాను. ఒక ముసలామె, "గంప దించుకోవడానికి ఏదన్నా కడితే చాలు. మళ్లీ ఎత్తాలంటే ఎవరో ఒకరు రావాలి" అంది. తక్కినవారంతా అదే మాట అన్నారు.

నాకు వెంటనే తమిళనాడులో పల్లెదారుల పక్కన చూసిన రాళ్లు గుర్తొచ్చాయి. రెండు నిలువు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక రాతిపలక, మనిషి భుజమెత్తున. బరువు మోసేవారు ఎవరి సాయం లేకుండా దాని మీదికి బరువు జరిపి, ఊపిరి తీసుకుని, మళ్లీ నెత్తిమీదికి జరుపుకుని పోతారు. తమిళులు దాన్ని సుమైతాంగి అంటారు, కేరళలో అత్తాణి అంటారు. తమిళ దేశంలో గర్భంతో ఉండగా చనిపోయిన స్త్రీల జ్ఞాపకార్థం వీటిని నిలబెట్టే ఆచారం ఉండేది. ఆమె దించుకోలేకపోయిన బరువుకు గుర్తుగా, దారిన పోయే ప్రతివారూ తమ బరువు దించుకునే చోటు.

ఈ సంగతి హెడ్మాస్టరు గారికి ఉత్తరం రాశాను. ఎదుట నిలబడి చెప్పే ధైర్యం చాలలేదు. జవాబు రాలేదు. మూడు వారాలు గడిచాయి.

మొన్న బుధవారం ఉదయం పూజ ముగించుకుని వెనుక సందు వైపు వెళ్లాను. మూడో గేటు దగ్గర మాస్టారు నిలబడి ఉన్నారు. చేతిలో దర్జీవాళ్ల టేపు. ఎదురుగా ఆకుకూరల ఆమె, చుట్టకుదురు మీద గంపతో కదలకుండా నిలబడింది. ఆయన టేపు ఒక కొస నేలకు ఆనించి, రెండో కొస ఆమె భుజం దాకా ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. నన్ను చూసి నమస్కారం కూడా పెట్టలేదు. "ఫాదర్, ఈమె పొడుగు. ఆ ముసలామె పొట్టి. ఎవరి కొలత తీసుకోమంటారు?" అన్నారు.